కోత మా బావది, పూత మా ఆయనది

మా బావను కాలువ పనివాళ్ళందరూ రంపం మేస్త్రీ అంటారు. చేతిలో రంపాన్ని చూసి ఆ పేరు పెట్టారో, నోటిని చూసి పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి కనబడితే ఒళ్ళు మండుతుంది. ఎవరినో ఒకరిని తిట్టకపోతే అన్నం ముద్ద గొంతు దిగదు. ఆయన గురించి మా అక్కను అడిగితే ఒకలా చెబుతుంది, కట్టుకున్న పెళ్ళాం కాబట్టి. నేను మరదలిని. నేను చెప్పేది వేరు.

మేముండేది ఎడారిలో. కొండల కింద తూము దగ్గర మొదలైన కాలువ ఇసుకలో పడి, ఎండకు సగం ఆవిరైపోయి, మిగిలిన సగంతో కింది తోటలను తడపాలి. ఎప్పుడో ఎవరో పెద్దలు గట్లు కోసుకుపోకుండా ఎక్కడినుంచో ఒక చెట్టు తెప్పించి నాటించారట. సన్నటి ఆకు, గులాబీ రంగు పూల కుచ్చులు. చూడటానికి ముద్దుగానే ఉంటుంది. ఆకు నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది కాబట్టి అందరూ ఉప్పుచెట్టు అంటారు. ఆ ఆకు రాలిన చోట మట్టి కూడా ఉప్పయిపోయి ఇంకేదీ మొలవదు. పక్కవాడి నోట్లో మట్టి కొట్టేవాళ్ళను చూశాం, ఇది ఉప్పు కొట్టే రకం. చుట్టంలా వచ్చి ఇల్లంతా తనదే అన్నట్టు రెండు గట్లూ కమ్మేసింది. కాలువ నీళ్ళన్నీ అదే తాగేస్తుంటే కింది తోటలకు నీళ్ళు చేరడం మానేశాయి. అప్పుడు నీటిశాఖవాళ్ళు జట్లు కట్టించి ఆ చెట్లను కొట్టించడం మొదలుపెట్టారు. మొదటి జట్టులో మా బావ కుర్రవాడు.

ఉప్పుచెట్టును నరికితే చావదు. నరికితే దానికి ఇంకా పౌరుషం వస్తుంది. ఒక్క మోడు నుంచి గుబురుగా పిలకలు లేస్తాయి. అందుకని ఆ పని జంటగా చెయ్యాలి. ఒకడు కోతగాడు, ఒకడు పూతగాడు. కోతగాడు చెట్టును నేలబారుగా కోసి పక్కకు జరగగానే పూతగాడు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పచ్చి గాయం మీద కుంచెతో మందు పూయాలి. మంచినీళ్ళు తాగి వస్తానంటే కుదరదు. గాయం మూసుకుందంటే బిందెడు మందు పోసినా లోపలికి దిగదు. పూసిన మోడు తెలియడానికి మందులో నీలం రంగు కలుపుతారు గానీ, మా ఎండకు ఆ రంగు ఎన్నాళ్ళుంటుంది? అది వెలిసిపోయాక పూతగాడు పూశాడా లేదా అన్నదానికి చెట్టు చావడం ఒక్కటే సాక్ష్యం.

మా బావ కోస్తూ పోతాడు, వెనక్కి తిరిగి చూడడు. వెనక ఉన్నవాడి మీద నమ్మకం లేకపోతే ఆ పని చెయ్యలేరు. చాలామంది పూతగాళ్ళు ఆయన నోటికి జడిసి పారిపోయాక ఒకడు నిలిచాడు. ఆయన తిడుతుంటే ఆ పిల్లాడు తన మానాన తాను పూసుకుంటూ పోయేవాడట. “వీడు చెవిటివాడేమో అనుకున్నాను. కాదు, మంచివాడు,” అన్నాడట మా బావ ఇంటికొచ్చి. ఆ మంచివాణ్ణే నాకు సంబంధం తెచ్చాడు. “అబ్బాయి మందు పని చేస్తాడు,” అని చెబితే మా అమ్మ గుండె గుభేలుమంది. తాగుడు మందు కాదు, చెట్ల మందు అని నచ్చచెప్పేసరికి మా అక్కకు ఆ పూట నీరసం వచ్చింది. అలా వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళయ్యారు. పనిలో ముందూ వెనకా, ఇంట్లో అన్నా తమ్ముడూ.

మంచి చెప్పకపోతే నా నోరు పడిపోతుంది కాబట్టి అదీ చెబుతాను. ఒక ఎండాకాలం మా ఆయన వడదెబ్బకు గట్టు మీద పడిపోతే, జీపు రాలేని ఆ ఇసుకలో మా బావ భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసుకొచ్చాడు. దారి పొడవునా తిడుతూనే ఉన్నాడట. “నువ్వు చస్తే మీ ఆవిడకు సమాధానం నేను చెప్పాలిరా, ఆ రాక్షసి ముందు నిలబడటం నావల్ల కాదు,” అని. ఆ రాక్షసిని నేనే. ఇంకోసారి, ఎన్నో ఏళ్ళకు కాలువ చివరి తోటకు నీళ్ళు చేరిన రోజున అక్కడి రైతులు వచ్చి మా బావ చేతులు పట్టుకున్నారు. “పట్టుకుంది చాలు, నా రంపం ఎవడో తుక్కులో పడేశాడు, ముందు అది వెతకండి,” అని కసిరి, జీపు వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూశాను. ఆ ఒక్క చూపుతో ఆయన మీద నాకు గౌరవం ఏర్పడింది. దాన్ని పోగొట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

కోసిన కట్టె గురించి మా బావకు ఒక పట్టుదల ఉండేది. పచ్చి కట్టెను ఎవరినీ ఇంటికి పట్టుకెళ్ళనిచ్చేవాడు కాదు. నల్లరాళ్ళ దిబ్బ మీద పరిచి, విరిస్తే ఫట్‌మనేదాకా ఎండబెట్టాకే పొయ్యిలోకైనా, కంచెకైనా. ఉప్పుచెట్టు పచ్చి కర్రను తడి నేలలో గుచ్చితే అది కర్ర కాదు, చెట్టు. ఒకసారి వంటమనిషి టీ కలపడానికి పచ్చి పుల్ల విరిచి, కలిపాక నీళ్ళ ఒడ్డున గుచ్చాడని ఆ టీ ఎవరినీ తాగనివ్వలేదు. టీకి, మొలకెత్తడానికి ఏం సంబంధమో ఆయనకే తెలియాలి.

అలాంటి మనిషి తన పెరట్లో ఏం చేశాడో ఇప్పుడు వినండి.

మా అక్కా బావలది తూము పక్కన, కాలువ తల దగ్గర ఇల్లు. పెరడు దాటితే నీళ్ళే. ఒక వేసవిలో మా అక్క బట్టలు ఉతుకుతూ ఎండకు కళ్ళు తిరిగి బండ మీద పడింది. నుదురు చీరుకుపోయింది. నెత్తురు చూసేసరికి మా బావ, సాయంత్రానికల్లా ఆ బండ మీద పందిరి లేవాల్సిందేనని పట్టుబట్టాడు. దిబ్బ మీద ఎండిన గుంజలు అప్పటికి లేవు. ఆ రోజు కోసినవే నాలుగు తెచ్చాడు. తెచ్చినవాడు జాగ్రత్త కూడా పడ్డాడు, ఊరికే ఎందుకు అనాలి. గుంజలకు బెరడు మొత్తం ఒలిచాడు. కానీ నేలలోకి దిగే మూరెడు మాత్రం వదిలేశాడు. బెరడుంటే తడికి గుంజ తొందరగా కుళ్ళదని. ఏళ్ళ తరబడి ఎండు గుంజలు పాతిన చేతికి అలవాటైన పని అది. అలవాటు ఆయన బుద్ధిని మింగేసింది.

బెరడున్న మొదళ్ళ నుంచి గుంజలు చిగురించాయి. మా అక్క ఉతికిన నీళ్ళు రోజూ వాటికే పోయేవి. పందిరి మీద కప్పిన ఆకులు ఎండిపోయినా ఈ కొత్త ఆకులతో పందిరికి నీడ ఇంకా చిక్కబడింది. మా బావ చూశాడు. కొయ్యాలనుకున్నాడు. ఈ వేసవి గడవనీ అనుకున్నాడు. వేసవి గడిచింది, ఇంకో వేసవి వచ్చింది. గులాబీ కుచ్చులు వేశాయి. ఉప్పుచెట్టు గింజ దుమ్మంత సన్నం. గాలికి లేస్తుంది, నీళ్ళలో పడుతుంది, ఎక్కడ తడి ఇసుక దొరికితే అక్కడ కూర్చుంటుంది. కాలువ తలలో రాలిన గింజకు కిందంతా రాచబాట. కంచే చేను మేసిందంటారే, అదే ఇది. ఇప్పుడు తలుచుకుంటే అర్థమవుతోంది, ఆ రోజుల్లో మా ఆయన వాళ్ళింటికి వెళితే మా బావ గుమ్మంలోనే మాట్లాడి పంపేసేవాడు. పెరట్లోకి పిలవలేదు.

మరుసటి ఏడాది వరద నీరు తీశాక, వాళ్ళిద్దరూ శుభ్రం చేసిన మేర పొడవునా పచ్చగా తేలింది. నారుమడి పోసినట్టు ఉప్పుమొలకలు. ఇంజినీరు జీపు దిగి చూశాడు. కింది తోటలవాళ్ళు అప్పటికే ఆయన పీకల మీద కూర్చున్నారు. ఎవరో ఒకరి తల కావాలి.

“ఇక్కడ పూత ఎవరిది?” అన్నాడు.

జట్టంతా మా ఆయన వైపు చూసింది. మా ఆయన ఇసుకలోకి దిగి ఒక మొలకను వేళ్ళతో మెల్లగా తవ్వి, వేరు తెగకుండా పైకి తీశాడు. దారంలాంటి వేరు. దాని కింద మోడూ లేదు, గీడూ లేదు. అది గింజ నుంచి వచ్చింది కానీ, పూత తప్పిన మోడు నుంచి కాదు. ఆ మొలకను తెచ్చి మా బావ అరచేతిలో పెట్టాడు.

“అన్నయ్యా, నువ్వే చెప్పు. దీని కింద మోడు ఉందా?”

కోతగాడి మాటకు తిరుగులేదు. ఇంజినీరైనా ఆ మాటే రాసుకుంటాడు. మా బావ ఆ మొలకను చూశాడు, కాలువ పైకి, తూము వైపు చూశాడు. ఆ తర్వాత జట్టు మొత్తం వినేలా అన్నాడు.

“మోడు లోపల తెగిపోయి ఉంటుంది. పూత సరిగ్గా పడలేదు.”

మా ఆయన పని ఆ రోజుతో పోయింది. పని పోయినందుకు నేను ఏడవలేదు, పని ఇంకొకటి దొరికింది. ఊరి చివర ఇటుకల బట్టీలో ఇటుకలు పేర్చడం. ఏడ్చింది దేనికంటే, బజారులో నిలబడితే జట్టువాళ్ళు మాట ఆపి పక్కకు తిరిగేవాళ్ళు. కాలువ పనిలో పూత ఎగ్గొట్టినవాడంటే దొంగకన్నా హీనం. కింది తోటలవాళ్ళ పిల్లల నోటి దగ్గర నీళ్ళు లాక్కున్నవాడు. మా ఆయనకు ఆస్తి లేదు, చదువు లేదు, మాటకారితనం లేదు. పూసిన మోడు లేవదన్న పేరొక్కటే ఉండేది. ఆ పేరును సొంత తోడల్లుడు అందరి ముందూ తీసి కాలువలో పారేశాడు. మా ఆయన మాత్రం, “అన్నయ్యకు అలా అనిపించి ఉంటుంది,” అన్నాడు. ఆ మాటకు నాకు మా బావ మీద కన్నా ఈయన మీద ఎక్కువ కోపం వచ్చింది.

అసలు సంగతి నాకు తెలిసింది చాలా నెలల తర్వాత. తూము దాకా వెళ్ళడానికి మాకు బండి దొరకదు, ఎప్పుడూ అక్కే దిగి వచ్చేది. ఆ గొడవ తర్వాత రావడం మానేసింది. సరే, పంతాలు మగాళ్ళకు, అక్కాచెల్లెళ్ళకు ఎందుకు అనుకుని నేనే నీటిశాఖ లారీ ఎక్కి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ పలకలేదు. పెరట్లోకి నడిచాను. మా అక్క బండ మీద కూర్చుని చెంగు పిండుతోంది. ఆమె నెత్తిన గులాబీ పూల పందిరి. నాలుగు గుంజలూ ఆకుతో నిండి ఉన్నాయి.

“అక్కా, ఇదేం చెట్టే?”

అక్క తల ఎత్తలేదు.

“అడుగుతున్నది నిన్నే.”

“నీకు తెలుసు కదా,” అంది. “అరవకు. మీ బావ లోపల పడుకున్నారు.”

“పడుకోనీ. నిద్ర పడుతోందన్నమాట!”

“లేదే. ఆ రోజు నుంచీ సరిగ్గా తిండి లేదు, నిద్ర లేదు. ఆయన్ను ఏమీ అనకు.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటి దొంగను పట్టుకున్నందుకు నాకు సంతోషం లేదు. మా బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నన్ను చూశాడు, పందిరిని చూశాడు.

“బావా, ఇదేమిటి?”

“పందిరి.”

“పందిరికి పూలు పూస్తాయా?”

జీవితంలో మొదటిసారి ఆ నోట తిట్టు రాలేదు.

“ఆ మొలకలు ఇక్కడివేనని మీకు ఎప్పుడు తెలిసింది?”

“మీ ఆయన ఆ మొలకను చేతిలో పెట్టినప్పుడు.”

“అప్పుడే చెప్పొచ్చుగా?”

“ఏమని చెప్పను? రంపం మేస్త్రీ పెరట్లోనే ఉప్పుచెట్టు పెరిగిందని చెబితే జట్టు మొత్తాన్ని ఇంటికి పంపేవాళ్ళు. అందరితో పాటు వాడూ పోయేవాడే. ఒక్కడితో పోయింది.”

“ఆ ఒక్కడు మీరు కావచ్చుగా బావా?”

మా అక్క మధ్యలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మా బావ నేల చూస్తూ, “వచ్చే ఏడు నేను పనిలోంచి దిగిపోతున్నాను. ఆ రోజు అందరి ముందూ చెబుతాను. మోడులో తప్పు లేదు, పూతలో తప్పు లేదు, తప్పు నాది అని చెబుతాను. మాట ఇస్తున్నాను,” అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఈలోగా ఇవి పోవాలి. గింజ రాలితే మళ్ళీ కాలువంతా పాడు. నేను కోస్తాను. పూయడానికి వాణ్ణి పంపు,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. “జట్టులో ఇంకో పూతగాడు లేడా?”

“వాడిలా పూసేవాడు లేడు.”

చూశారా! జట్టు ముందు చెప్పాల్సిన మాట పెరట్లో, మరదలి ముందు చెప్పాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో పోట్లాడాను. వెళ్ళొద్దన్నాను. ఆ గుంజలు అలాగే ఉండనీ, ఇంజినీరును తీసుకెళ్ళి చూపిద్దాం, నీ పేరు నీకు వస్తుంది అన్నాను. మా ఆయన విన్నాడు. కుంచె ఎక్కడుందని అడిగాడు.

“నీకు సిగ్గు లేదా?” అన్నాను.

“గింజ రాలే వేళ అయింది. నా మీద పడ్డ నిందకు కింది తోటలవాళ్ళేం చేశారు?” అన్నాడు. “అన్నయ్య మాట ఇచ్చాడన్నావుగా. ఇంకేం?”

నేనూ వెంట వెళ్ళాను, చూడటానికి. మా బావ కోసి జరిగాడు, మా ఆయన కూర్చుని పూశాడు. ఊరికే పైన పూసి వదల్లేదు. మోడు చుట్టూ మట్టి గోకి, పక్కలకు కూడా పూసి, మళ్ళీ మట్టి కప్పాడు. వెనక నుంచి చూస్తుంటే పెళ్ళయిన కొత్తలో నేను గట్టు మీదికి అన్నం తీసుకెళ్ళిన రోజుల్లాగే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

మా బావ దిగిపోయే రోజు తూము దగ్గరి ఆఫీసు గదిలో కుర్చీలు వేశారు. మమ్మల్నీ పిలిచారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పైకి చెప్పలేదు గానీ ఆ చొక్కా ఎందుకో నాకు తెలుసు. జట్టువాళ్ళ పక్కన కాకుండా వెనక గోడ దగ్గర కూర్చున్నాం. ఇంజినీరు లేచి, “ఈయన కోసిన చెట్టు మళ్ళీ లేచింది లేదు. ఒక్కసారి లేచింది, అదీ ఈయన తప్పు కాదు,” అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు వెనక్కి తిరిగి మా ఆయన్ను చూశారు. మా ఆయన ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

మా బావ వంతు వచ్చింది. లేచాడు. మా వైపు చూశాడు. నేను చీర కొంగు గట్టిగా పట్టుకున్నాను.

“నాకు మాట్లాడటం రాదు. తిట్టడమే వచ్చు,” అన్నాడు.

గదంతా ఘొల్లుమని నవ్వింది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే కూర్చున్నాడు. అంతే. ఒక మనిషి పేరు తిరిగి ఇవ్వడానికి ఆయన దగ్గర ఒక్క వాక్యం ఉంది, దాన్ని మింగేశాడు. ఆయన మీద నాకున్న కాస్త గౌరవం అక్కడే చచ్చిపోయింది.

నేను ఊరుకోలేదు. టీ గ్లాసు చేత్తో బయటికి వస్తున్న ఇంజినీరుకు అడ్డం నిలబడ్డాను. “సార్, రెండడుగులు రండి. మొలకలు ఎక్కడి నుంచి వచ్చాయో చూపిస్తాను,” అన్నాను. నా మొహం చూసి కాదనలేక వచ్చాడు. జట్టులో కొందరు కూడా వచ్చారు. మా అక్క వంటింటి కిటికీలోంచి చూసి రెక్క వేసేసింది. పెరట్లో బండ పక్కన నాలుగు మోళ్ళు చూపించాను.

“ఇవి ఉప్పుచెట్లు సార్. పందిరికి పాతితే చిగురించాయి. పూలు పూశాయి. గింజ ఇక్కడి నుంచే పోయింది.”

ఇంజినీరు బూటు మొనతో ఒక మోడును తట్టాడు. అది డొల్లగా మోగింది.

“ఎండు గుంజలమ్మా ఇవి. ఇలాంటివి ఎవరింట్లో లేవు?”

“కాదు సార్, బతికాయి. ఒక్క నిమిషం ఆగండి.” మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తవ్వాను. మోడు మొదట్లో తవ్వాను, పక్కన తవ్వాను, రెండోదాని కింద తవ్వాను. చిన్న పిలక చాలు, గోరంత పచ్చదనం చాలు. చేతికి తగిలిందల్లా నల్లగా పెళుసుబారిన కట్టె. చచ్చిన చెట్టు మోడు, ఎన్నడూ చిగురించని గుంజ మొదలు, పైనుంచి చూస్తే రెండూ ఒకటే. జట్టువాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంజినీరు టీ ముగించి, “పాపం,” అని వెళ్ళిపోయాడు. మా బావ పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అప్పుడైనా ఒక్క మాట అనొచ్చు. అనలేదు.

నేను మూడో మోడు కింద తవ్వుతుంటే మా ఆయన వచ్చి నా భుజం పట్టుకుని లేపాడు.

“లే, పోదాం. అక్కడ ఏమీ ఉండదు,” అన్నాడు. “నేను పూశాను.”